గల్ఫ్ క్యాసెట్ల కాలం

మాక్లూర్‌లో ఒకప్పుడు ఒక ఇంట్లో టేపు మోగుతోందంటే ఆ ఇంటి మనిషి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నట్టే లెక్క. నిజామాబాద్‌కు, ఆర్మూర్‌కు నడుమ ఉన్న మా ప్రాంతంలో చేలల్లో పసుపు, మొక్కజొన్న పండేవి. ఇంటింటా ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేవాళ్లు. మీసం మొలిచిన పిల్లగాడు పాస్‌పోర్టు కోసం తిరిగేవాడు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ వలసను మూడు మాటల్లో చెబుతారు. నాకు బుద్ధి తెలిసేనాటికి మా దగ్గర ఆ మూడోదే ముందుకొచ్చింది. పోయిన మనిషి రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వచ్చేవాడు. అతని కన్నా ముందు అతని గొంతు వచ్చేది, ఒక క్యాసెట్లో.

ఏ క్యాసెట్టు ఏ పెట్టెలో ఆడుతుంది, ఏ వైరు ఏ రంధ్రంలో పెట్టాలి, టీవీలో బొమ్మ ఎందుకు పొర్లుతోంది అన్నవి ఆ రోజుల్లో మెకానిక్ ఒక్కడికే వదిలేసిన సంగతులు కావు. సంసారాలు నిలబడాలంటే తెలిసి ఉండాల్సిన సంగతులు. ఆ బతుకు తీరు పోయింది. ఆ గొంతులు మాత్రం ఇంకా మన సందూకల్లో, అటకల మీద ఉన్నాయి. వాటికి గడువు దగ్గర పడింది కాబట్టే ఇది రాస్తున్నాను.

టేపు కన్నా ముందు రేడియో ఉండేది. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ అనే పేర్లు పెద్దవాళ్ల నోట గౌరవంగా పలికేవి. రేడియో ఉన్నవాళ్లు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు డబ్బు కట్టేవాళ్లు, 1980ల నడుమ దాకా ఆ పద్ధతి సాగింది. హైదరాబాద్ కేంద్రం వార్తలు, వివిధభారతి పాటలు, రైతుల కార్యక్రమం, ఏదైనా సరే వచ్చినప్పుడే వినాలి. ఆ వేళకు పొలంలో ఉంటే పోయినట్టే. టేపు వచ్చాక విన్నదాన్ని మళ్లీ వినడం సాధ్యమైంది. అంతకన్నా పెద్ద సంగతి, ఇంట్లోవాళ్ల గొంతును ఇంట్లోనే దాచుకోవడం సాధ్యమైంది.

మా ఇంటికి వచ్చిన మొదటి పెట్టె నేషనల్ పానసోనిక్ టూ-ఇన్-వన్, రేడియో, టేపు కలిసి ఉన్నది. మా బావ సౌదీ నుంచి బొంబాయిలో దిగి, అక్కడి నుంచి మన్మాడ్ మీదుగా రైల్లో, గుడ్డల మధ్య చుట్టి తెచ్చాడు. ప్లగ్గు పెట్టే ముందు దాన్ని బోర్లించి వెనకాల ఉన్న చిన్న మీట చూపించాడు. సౌదీలో అప్పట్లో చాలా ఇళ్లకు వచ్చే కరెంటు 127 వోల్టులు, మన దగ్గర 230. అందుకే అక్కడి నుంచి వచ్చే పెట్టెలకు 110, 220 అని రెండు గుర్తులుండేవి. మీట ఇటు తిప్పకుండా స్విచ్చు వేస్తే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కమిలిపోయేది. దుబాయి, కువైట్, మస్కట్ సామానుకు ఆ భయం లేదు, అక్కడి కరెంటూ మనలాంటిదే. కాని ప్లగ్గు తేడా ఉండేది. గల్ఫ్ ప్లగ్గుకు పలకల పిన్నులు, మన బోర్డుకు గుండ్రటి రంధ్రాలు. కొత్త ప్లగ్గు నిజామాబాద్ నుంచి వచ్చేదాకా వైరు కొనలు ఒలిచి, రంధ్రంలో దోపి, అగ్గిపుల్లతో బిగించేవాళ్లు. ప్రమాదమని అందరికీ తెలుసు, అందరూ చేసేవాళ్లు. కరెంటు లేని రాత్రుల కోసం సెల్లులు దాచేవాళ్లం. అవి నీరసిస్తే ఎండలో పెట్టి ఇంకో పూట నడిపేవాళ్లం.

ఇక క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ 1963లో దీన్ని లోకానికి చూపించింది. అరచేతిలో పట్టే ఆ డబ్బాలో నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని వెడల్పుతో గోధుమరంగు రీలు, దాని మీద ఇనుప తుప్పు లాంటి సన్నటి పూత. సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో రీలు హెడ్డును రాసుకుంటూ పోతుంటే పూతలోని అయస్కాంత గుర్తులు మాటగా, పాటగా మారతాయి. సీ-60 అంటే పక్కకు అరగంట, సీ-90 అంటే పక్కకు ముప్పావు గంట. సీ-90లో రీలు పల్చన, అందుకే పెట్టె లోపల చుట్టుకుపోయే గండం ఎక్కువ. చుట్టుకుంటే తొందరపడి గుంజకూడదు. మూత తీసి, రీలును మెల్లగా విడదీసి, ఆరు పలకల పెన్సిల్ చక్రంలో దూర్చి తిప్పుకోవాలి. తెగితే రెండు కొనలు సమంగా కత్తిరించి వెనక వైపు సన్నటి టేపు అంటించాలి. అతికిన చోట అర మాట ఎగిరిపోయేది. ఆ మాట ఏమిటో ఇంటిల్లిపాదికీ కంఠతా ఉండేది కాబట్టి విన్న ప్రతిసారీ మేమే పూరించుకునేవాళ్లం.

క్యాసెట్టు వీపు మీద రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి. వాటిని విరిచేస్తే రికార్డు బటన్ దిగదు, దాని మీద ఇంకెవరూ మరొకటి ఎక్కించలేరు. ఆ రంధ్రం మీద కాగితం అంటిస్తే మళ్లీ ఎక్కించొచ్చు. నేను మొదట నేర్చుకున్న విద్య ఇదే. బావ క్యాసెట్టు రాగానే ఆ పలుకులు విరవడం నా పని, ఎందుకంటే పాటలు ఎక్కించుకోవడానికి ఖాళీ క్యాసెట్ల కోసం వెతికే పిల్లలం మా వాడలో చాలామందిమి.

ఆ క్యాసెట్లు ఉత్తరాల బదులు వచ్చేవి. మా అమ్మకు చదువు రాదు. అక్కకు వచ్చినా, మగని ఉత్తరం పెద్దవాళ్ల ముందు చదవాలంటే సిగ్గు. క్యాసెట్టుకు చదువుతో పని లేదు. సౌదీలో ఒకే గదిలో ఉండే పది మందిలో ఎవరు ఇంటికి బయలుదేరినా మిగిలిన తొమ్మిది మంది క్యాసెట్లు అతని సంచిలో చేరేవి. అతను ఊళ్లో దిగాక ఇల్లిల్లూ తిరిగి పంచేవాడు. అతను వచ్చాడని తెలిస్తే చాలు, ఎదురుచూసే ఇళ్లల్లో ఆ పూట పొయ్యి ఆలస్యంగా రాజేది.

ఒకసారి వచ్చిన క్యాసెట్టు నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. ఆకిలిలో అమ్మ, అక్క, పక్కింటి వదినె, ఇంకొందరు కూర్చొని బీడీలు చుడుతున్నారు. తునికాకు కత్తిరించే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను బటన్ నొక్కాను. ముందు ఉత్తరంలో లాగానే, "అత్తమ్మకు, మామకు దండాలు, నేనిక్కడ మంచిగున్న, మీరక్కడ మంచిగున్నరని తలుస్తున్న" అని మొదలుపెట్టాడు. తర్వాత గొంతు సడలింది. "అత్తమ్మా, మోకాలు నొప్పి తగ్గిందా?"

"తగ్గింది బిడ్డా, నువ్వు పంపిన మందు రాస్తున్న" అంది అమ్మ టేపు వైపు తిరిగి.

టేపు ఆగదు కదా. "పసుపు ఉడకబెట్టిన్రా? ఈసారి కొమ్ముకెంత పలికింది, మండకెంత పలికింది?" అని అడుగుతూనే ఉంది. అమ్మ ఒక జవాబు ముగించేలోపు రెండు ప్రశ్నలు దాటిపోయాయి. అప్పటి నుంచి బటన్ మీద వేలు పెట్టుకొని కూర్చోవడం నేర్చుకున్నాను. ఆయన అడిగిన చోట ఆపాలి, అమ్మ చెప్పడం అయ్యాక మళ్లీ నడపాలి. అరగంట పక్క పూర్తవడానికి గంటన్నర పట్టేది. రెండో పక్క అక్కది. అది తిప్పే ముందే ఆడవాళ్లంతా చాటలు సర్దుకొని లేచేవాళ్లు. అక్క పెట్టెను అర్రలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికేసుకునేది.

ఆ రికార్డింగుల్లో ఒక గుణం ఉండేది. టూ-ఇన్-వన్‌లో ఉన్న చిన్న మైకు, చప్పుడు తగ్గినప్పుడల్లా దానంతట అదే శక్తి పెంచుకునేది. మనిషి మాట ఆపి ఆలోచించే ఆ రెండు మూడు క్షణాల్లో వెనకాల ఉన్నవన్నీ పైకి తేలేవి. బావ మాట ఆగినప్పుడు కూలర్ హోరు, ఎవరో గిన్నె కడుగుతున్న చప్పుడు, పక్క మంచం మీది మనిషి దగ్గు. మేము పంపిన జవాబు క్యాసెట్లలో కోడి కూత, బర్రె అరుపు, బావిలో బొక్కెన పడిన చప్పుడు. బావ సెలవుకు వచ్చినప్పుడు చెప్పాడు, తాను మా మాటల కన్నా ఆ చప్పుళ్ల కోసమే క్యాసెట్టు మళ్లీ మళ్లీ వేసుకునేవాడినని. సెల్లులు నీరసించిన వేళ ఎక్కించిన క్యాసెట్టు తర్వాత మంచి సెల్లులతో వేస్తే గొంతు సన్నగా, తొందరగా వినిపించేది. అమ్మ కంగారు పడేది, "పిల్లగాడు చిక్కిండేమో, గొంతే మారింది" అని. సెల్లుల సంగతి వివరించి చెప్పాక గాని నెమ్మదించేది కాదు.

తర్వాత ఎస్టీడీ, ఐఎస్డీ బూత్‌లు వచ్చాయి. నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడేవాళ్లం. ఆ ఫోన్లలో అత్యవసరమైన సంగతులే పట్టేవి. మాట్లాడిన మాట తీగలోనే పోయింది, ఏదీ మిగల్లేదు. క్యాసెట్లో చెప్పింది మిగిలింది.

పాటల క్యాసెట్లది వేరే లోకం. నిజామాబాద్‌లో రికార్డింగ్ సెంటర్లు ఉండేవి. కాగితం మీద పాటల పేర్లు రాసిచ్చి, టీడీకేనో సోనీయో ఖాళీ క్యాసెట్టు ఇస్తే వారం తర్వాత నింపి ఇచ్చేవాళ్లు. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ సంభాషణలు వినని వాడ లేదు. కొండవీటి వెంకటకవి రాసిన ఆ సమాసాలను బడికి పోని పెద్దమనుషులు కూడా తప్పు లేకుండా పలికేవాళ్లు. టేపు విని నేర్చుకున్న చదువు అది.

టీవీ వచ్చాక వైర్ల విద్య ఇంకో మెట్టెక్కింది. 1984లో దూరదర్శన్ దేశమంతటా చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయింది. పసుపు అమ్మిన డబ్బులతో కొందరు హైదరాబాద్ ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీలు, డయనోరా, సాలిడేర్ సెట్లు కొన్నారు. డాబా మీద గొట్టానికి యాంటెనా కట్టి, దాని నుంచి చదునైన రెండు తీగల రిబ్బను కిందికి దించేవాళ్లు. ఒకరు పైన గొట్టం తిప్పుతారు, ఒకరు కిటికీ దగ్గర, ఒకరు టీవీ ముందు. "వచ్చింది, పోయింది, ఇంకింత తిప్పు" అన్న కేకలు వాడంతా వినిపించేవి. బొమ్మ పక్కన నీడబొమ్మ కనిపిస్తే సిగ్నల్ ఎక్కడో తగిలి ఆలస్యంగా వస్తోందని, మంచు కురిసినట్టుంటే సిగ్నల్ చాలడం లేదని, అడ్డ చారలు పడితే పక్కన మోటారు నడుస్తోందని చూడగానే చెప్పేసేవాళ్లం.

మోటార్లంటే గుర్తొచ్చింది. పసుపు తొమ్మిది నెలల పంట, నీళ్లు విడవకుండా పారాలి. పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి నడిస్తే ఊళ్లో వోల్టేజీ పడిపోయి, టీవీలో బొమ్మ నాలుగు పక్కల నుంచీ ముడుచుకునేది. అందుకే టీవీ కన్నా ముందు స్టెబిలైజర్ కొనాలని ప్రతి ఇంటికీ తెలుసు. 1987 జనవరి 25న రామాయణం మొదలయ్యాక మాత్రం ఆదివారం పొద్దున మోటార్లు కూడా కాసేపు ఆగేవి, నడిపే మనుషులంతా టీవీ ముందే ఉండేవాళ్లు కనుక.

ఆ వెనకే డెక్కు వచ్చింది. వీసీఆర్‌ను మేమంతా డెక్కు అనేవాళ్లం. సోనీ బీటామ్యాక్స్ 1975లో, జేవీసీ వీహెచ్ఎస్ 1976లో వచ్చాయి. బీటా బొమ్మ బాగుంటుందని పేరు, కాని దాని మొదటి క్యాసెట్లో పట్టేది గంట. వీహెచ్ఎస్‌లో రెండు గంటలు. తర్వాత వచ్చిన ఈ-180 క్యాసెట్లో మూడు గంటలు పట్టేది, అంటే తెలుగు సినిమా మొదటి నుంచి చివరి దాకా ఒకే క్యాసెట్లో. మా ప్రాంతంలో బీటా కనిపించకుండా పోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. డెక్కు లోపల జరిగే పని చూసి తీరాల్సింది. క్యాసెట్టు మింగాక రీలును బయటికి లాగి, ఏటవాలుగా నిలబెట్టిన ఒక మెరిసే డ్రమ్ము చుట్టూ కప్పుతుంది. ఆ డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు ఒక నిండు బొమ్మ, సెకనుకు 25 బొమ్మలు. రీలు నడిచేది సెకనుకు రెండు సెంటీమీటర్ల పైచిలుకే, కాని హెడ్డు దాని మీద ఏటవాలు గీతలుగా సెకనుకు దాదాపు 4.8 మీటర్ల వేగంతో రాస్తుంది. హెడ్డుకు మురికి పడితే తెర నిండా చుక్కలు. కొత్త రూపాయి నోటుతో తుడిచేవాళ్లు. గీతలు తెర మధ్యలో నిలిస్తే ట్రాకింగ్ తిప్పాలి.

కలపడం దగ్గరే అసలు తెలివి ఉండేది. డెక్కు నుంచి టీవీకి రెండు దారులు. ఒకటి యాంటెనా దారి: డెక్కు తానే ఒక చిన్న స్టేషన్ అయి సిగ్నల్ ఇస్తుంది, టీవీని ఆ చానెల్‌కు తిప్పుకోవాలి. డెక్కు యూహెచ్ఎఫ్‌లో ఇస్తూ పాత టీవీకి వీహెచ్ఎఫ్ మాత్రమే ఉంటే ఎంత తిప్పినా ఏమీ రాదు. రెండోది మూడు రంగుల వైర్ల దారి: పసుపుపచ్చది బొమ్మకు, తెల్లది ఎడమ చెవికి, ఎర్రది కుడి చెవికి. పసుపుపచ్చ పిన్ను పొరపాటున ఆడియో రంధ్రంలో పెడితే స్పీకర్ బుర్రుమనేది. తెలుపు, ఎరుపు తారుమారైతే నష్టం లేదు. ఒకే స్పీకర్ ఉన్న టీవీకి తెల్లది చాలు. ఈ నాలుగు మాటలు తెలిసిన పిల్లగాడికి పెండ్లి ఇళ్లల్లో భోజనం ముందు వడ్డించేవాళ్లు.

వీటికి మించిన చిక్కు దేశాల పద్ధతులది. మన టీవీ పాల్ పద్ధతి, 625 గీతలు. దుబాయి, కువైట్, మస్కట్ కూడా పాలే. సౌదీ మాత్రం ఆ రోజుల్లో సీకామ్. బావ అక్కడి టీవీ నుంచి ఎక్కించి తెచ్చిన క్యాసెట్టు ఇక్కడ వేస్తే రంగులు పోయి నలుపు తెలుపుల్లో ఆడేది. అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్టైతే ఎన్టీఎస్‌సీ, 525 గీతలు, మామూలు డెక్కులో బొమ్మ నిలవనే నిలవదు. మల్టీ సిస్టమ్ అని మూత మీద రాసి ఉన్న డెక్కుకు అంత గిరాకీ అందుకే.

వలస ఇళ్లకు డెక్కు చేసిన పెద్ద మేలు పెండ్లి వీడియో. చెల్లె పెండ్లికి సెలవు దొరకని అన్నలు మా ఊళ్లో ఎందరో. ఫోటోలో కనిపించనిది వీడియోలో కనిపిస్తుంది: అప్పగింతల్లో తండ్రి భుజం ఎలా కదిలిందో, తన వంతు కట్నం చదివించినప్పుడు తన పేరు ఎలా పిలిచారో. ఆ క్యాసెట్టు నకలు తీసి మస్కట్‌కు పంపేవాళ్లు. నకలుకు నకలు తీస్తే రంగులు కారిపోతాయి, గీతలు మసకబారతాయి. అందుకే అసలు క్యాసెట్టును పెండ్లికూతురి తల్లి బీరువాలో దాచి, నకలే ఊరు తిరిగేది.

1990ల నడుమ జెమిని, ఈటీవీ వచ్చాయి, కేబుల్ తీగలు ఇంటింటికీ పాకాయి. తర్వాత వీసీడీ. ఒక డిస్కులో 74 నిమిషాలే పడతాయి కాబట్టి సినిమాకు రెండు, ఒక్కోసారి మూడు డిస్కులు. ఆ వెనక డీవీడీ, ఎమ్‌పీ3, పెన్‌డ్రైవ్. 2002 చివర్లో ఖరారైన హెచ్‌డీఎమ్ఐ, 19 పిన్నుల ఒకే తీగతో బొమ్మనూ శబ్దాన్నీ కలిపేసింది. రంగులు గుర్తుపెట్టుకునే అవసరం పోయింది. బావ మనవడు ఇప్పుడు దోహా నుంచి రోజూ వీడియోకాల్ చేస్తాడు. అది మంచిదే. దూరం తగ్గింది, ఎదురుచూపు తగ్గింది. కాని ఏ కాలూ దాచిపెట్టడం లేదు. మా తరానికి మిగిలిన గొంతులు ఆ పాత టేపుల్లోనివే.

ఆ టేపులు శాశ్వతం కావు. పూతను రీలుకు పట్టి ఉంచే జిగురు తేమకు మెత్తబడుతుంది, బూజు పడుతుంది. ఆడించే యంత్రాలూ కరువవుతున్నాయి. 2016 మార్చిలో సోనీ బీటామ్యాక్స్ క్యాసెట్లు ఆపేసింది, అదే ఏడు జులైలో జపాన్ కంపెనీ ఫునై వీసీఆర్ల తయారీ మానేసింది. అయస్కాంత టేపుల మీద ఉన్నదాన్ని 2025 నాటికి మార్చుకోకపోతే చాలా వరకు దక్కదని యునెస్కో 2019లోనే హెచ్చరించింది. ఆ ఏడు కూడా దాటిపోయింది.

అందుకని చేయాల్సింది చెబుతాను. టేపు బయటికి తీసి ముందు చూడండి. రీలు మీద తెల్లటి పొర కనిపిస్తే ఆడించకండి, పని తెలిసిన వాళ్లకు ఇవ్వండి. బాగుంటే ముందు పలుకులు విరవండి. ఒకసారి చివరి దాకా ముందుకు, మళ్లీ వెనక్కు తిప్పండి, అతుక్కున్న చుట్లు విడిపోతాయి. హెడ్డును స్పిరిట్ దూదితో తుడవండి. టేపురికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి 3.5 మిల్లీమీటర్ల తీగ కంప్యూటర్ లైన్-ఇన్‌కు కలిపి, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించండి. వ్యావ్ ఫైలుగా గంటకు 600 మెగాబైట్ల పైన పడుతుంది, ఈ రోజుల్లో అదేమీ ఎక్కువ కాదు. వీడియోకైతే పసుపు, తెలుపు, ఎరుపు తీగలను యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి కలిపితే చాలు. గంట టేపుకు గంట పడుతుంది, దగ్గరి దారి లేదు. ఎక్కించినదాన్ని ఒకే చోట పెట్టకండి, మూడు చోట్ల పెట్టండి. ఎవరి గొంతు, ఏ ఊరి నుంచి, ఏ ఏడు అని పక్కన రాయండి. మా ఇంట్లో ఆ పని మొదలైంది.

మాక్లూర్‌లో, ఆర్మూర్‌లో, నిజామాబాద్ చుట్టుపట్ల ఏ గల్ఫ్ ఇంట్లోనైనా ఈ డబ్బాలు ఉంటాయి. అన్నీ ఒకేసారి చేయలేకపోతే వరుస పెట్టుకోండి. సినిమా పాటలు చివరికి ఉంచండి, అవి ఇంకెక్కడైనా దొరుకుతాయి. పెండ్లి వీడియోలు రెండోది. మొదట మీ వాళ్లు మీకు పంపిన గొంతులు. వాటికి లోకంలో రెండో ప్రతి లేదు.